ఒదీల్ చెయ్యని వైన్

"క్షమించండి మేడమ్. మీ 2016 వైన్ నాకు నచ్చలేదు," అన్నాడు ఆ బెల్జియం మనిషి, చాలా మర్యాదగా.

అతనికి 2018 రుచి చూపించి, మళ్ళీ గ్లాసులోకి వంచిన సీసాని మా వదిన ఒదీల్ మోర్నే అలాగే పట్టుకుని ఉండిపోయింది. పారిస్‌లో, ద్రాక్షరైతుల సంత జరుగుతున్న ఆ పెద్ద హాల్లో, పొద్దుట్నుంచీ మా బల్ల ముందు ఆగి గుటక వేసి వెళ్ళినవాళ్ళు చాలామందే. మాకు కావలసింది మాత్రం ఈ ఒక్కడే. పేరు యోరిస్. గెంట్ నగరంలో పెద్ద హోటళ్ళకు వైన్ కొనిపెట్టేది ఇతనే. ఇతను సరేనంటే కొండమీది పై తోట మాకు మిగులుతుంది. కాదంటే దాన్ని పక్క తోట ఆసామికి అమ్ముకోవాలి. ఆయన ఇప్పటికే రోజూ సాయంత్రం గట్టు మీద నిలబడి దాన్ని కళ్ళతో కొలుస్తున్నాడు.

"ఏ 2016?" అని అడిగింది ఒదీల్.

"షిరూబ్ల్ ఊరిదే. మీ పేరుతోనే ఉంది. స్టేషన్ దగ్గర 'మర్చిపోయిన గొడుగు' బిస్ట్రోలో మొన్న తాగాను. మొదటి గ్లాసు నచ్చలేదు. తప్పు నా నాలుకదేమోనని రెండోది కూడా తెప్పించుకున్నాను."

"నేను 2016 చెయ్యలేదు."

అప్పుడు నవ్వాడు యోరిస్. ఎగతాళి నవ్వు కాదు, అంతకంటే పాడు నవ్వు. జాలిపడి, మనల్ని ఇబ్బంది పెట్టకుండా తప్పుకోవాలని చూసే నవ్వు. "నాకర్థమవుతుంది మేడమ్. కుదరని ఏడాదిని ఎవరు మాత్రం నాదని చెప్పుకుంటారు," అని తన సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

ఒదీల్‌ని నేను ముప్పై ఏళ్ళుగా ఎరుగుదును. మా అన్న గిల్బేర్ ఆమెని పెళ్ళి చేసుకున్నప్పుడు నేనింకా బడికి వెళ్తున్నాను. ఆమెకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇప్పుడు ఎంత తగ్గిందంటే, వినడానికి అతను ముందుకు వంగాల్సి వచ్చింది.

"మీ రైలు ఎన్నింటికి?"

సాయంత్రమని చెప్పాడు. మధ్యాహ్నం ఎవరితోనో భోజనం ఉందట. అది కాగానే స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఆ బిస్ట్రోలో కాఫీకి రమ్మని అడిగింది ఒదీల్. అబద్ధమాడేది తనో, అతను తాగిన వైనో అక్కడ తేలిపోతుందని చెప్పింది. కాదనడానికి మొహమాటపడి సరేనన్నాడు.

మిగిలిన సీసాలు చక్రాల సంచీలో సర్దుకుని, బల్ల పక్కవాళ్ళకి అప్పగించి బయలుదేరాం.

ఆ ఏడాది గురించి నేను చెప్పాలి. ఎందుకంటే ఒదీల్ చెప్పదు.

మే నెలాఖరులో ఒక సాయంత్రం ఆకాశం పచ్చగా మారింది. ఎవరికైనా ఫోన్ చేద్దామనుకునేలోపే వడగళ్ళు మొదలయ్యాయి. అది ఆగాక ఒదీల్ బూట్లు వేసుకుని తోటలోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. కాళ్ళకింద మంచు ముక్కలు కరకరలాడుతున్నాయి. ఆకు లేదు. లేత కొమ్మలు లేవు. కట్టె మీద కూడా ఎవరో సుత్తితో కొట్టినట్టు గాయాలు. ఒక వరస చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, "పద, బంగాళాదుంపలు ఉడకబెడదాం," అంది. అంతే.

వారం తిరక్కముందే ఒక వ్యాపారి వచ్చాడు. పక్క జిల్లా నుంచి ద్రాక్ష తెప్పిస్తానన్నాడు. దానితో వైన్ చేసి ఒదీల్ పేరు వేసుకోమన్నాడు, ఊళ్ళో సగంమంది అదే చేస్తున్నారన్నాడు. నిజమే, చేశారు. వాళ్ళని నేను తప్పుపట్టను, పిల్లలున్నారు, అప్పులున్నాయి. ఒదీల్ మాత్రం ఆయనకి కాఫీ ఇచ్చి పంపించేసింది. ఆ చలికాలం పరాయి తోటల్లో కూలికి కొమ్మలు కత్తిరించింది. చేతితొడుగుల వేళ్ళు చిరిగిపోతే నా పాత మేజోళ్ళు కత్తిరించి కుట్టుకుంది. సొంత తోట ఉన్న మనిషి కూలికి వంగి ఉంటే, దారినపోయే ఊరివాళ్ళు పలకరించలేక తల పక్కకి తిప్పుకునేవాళ్ళు. 2016 లేబుల్ ఒక్కటి కూడా అచ్చు వెయ్యలేదు. కొట్లో ఆ ఏడాది అర ఖాళీగా ఉంటుంది. ఇప్పటికీ దానిమీద ఏమీ పెట్టనివ్వదు.

మెట్రోలో కూర్చున్నాక నేనే అన్నాను. "రెజీస్ అలాంటివాడు కాదు వదినా. ఎవరో వెయిటరు పొరబడి ఉంటాడు."

"పొరపాటు నా పేరునే ఎందుకు వెతుక్కుంటుంది క్లో?"

ఆ బిస్ట్రో యజమాని రెజీస్ కొలంబియే మాకు పరాయివాడు కాదు. మా వైన్‌ని పారిస్‌లో మొట్టమొదట కొన్నది అతనే. కోతలప్పుడు భార్య జినెట్‌తో వచ్చి మాతోపాటు గంపలు మోసేవాడు. గిల్బేర్ పోయినప్పుడు సమాధి దగ్గర అందరికంటే గట్టిగా ఏడ్చింది కూడా అతనే. అతని వైన్ లిస్టులో మా పేరు ఉండటమంటే మా ఊళ్ళో ఒక హోదా. 'గొడుగులో తాగాం, అడ్రసు వెతుక్కుంటూ వచ్చాం' అని కార్లు దిగేవాళ్ళు జనం.

మేం వెళ్ళేసరికి భోజనాలు మంచి జోరుమీద ఉన్నాయి. బల్లలన్నీ నిండి ఉన్నాయి. హెర్రింగ్ చేప, వైన్‌లో ఉడికిన గొడ్డుమాంసం వాసన గుమ్మం దాకా వస్తోంది. రెజీస్ కనబడలేదు. జినెట్ లోపల స్తంభం అవతల గల్లా దగ్గర ఉన్నట్టుంది, ఆమె దగ్గు వినబడింది. ఆమె కంట పడకముందే, కోట్లు తగిలించే కొయ్య వెనక ఉన్న చిన్న బల్ల దగ్గర కూర్చుంది ఒదీల్.

వెయిటరు కొత్తవాడు. నలభై దాటిన మనిషి, హుషారైనవాడు. వైన్ లిస్టు చేతికిచ్చి వెళ్ళాడు. ప్రతి వసంతంలోనూ జినెట్ ఊదారంగు సిరాతో స్వయంగా రాసే లిస్టు అది. ఆ గుండ్రటి చేతిరాత నేనెక్కడున్నా గుర్తుపడతాను. ఒదీల్ తెరిచి, వేలు పెట్టి, నా వైపు తిప్పింది.

షిరూబ్ల్, ఒదీల్ మోర్నే, 2016.

వెతకాల్సిన పనే లేదు. దర్జాగా ఉంది, రెండో వరసలోనే.

"ఈ షిరూబ్ల్ ఒక సీసా ఇవ్వండి," అంది ఒదీల్.

"మంచిది ఎంచుకున్నారు మేడమ్. ఇది మాత్రం సీసాలో ఉండదు, కూజాలో ఇస్తాం. పీపాల్లోంచి నేరుగా."

"ఎవరీ ఒదీల్ మోర్నే?"

వెయిటరు తువ్వాలు భుజాన వేసుకుని, కొంచెం వంగి, గొంతు మార్చాడు. ఎన్నోసార్లు చెప్పి చెప్పి నునుపెక్కిన గొంతు అది. "మా ఇంటి మనిషి లాంటిది మేడమ్. మా యజమానికి ప్రాణస్నేహితుడి భార్య. భర్త పోయాడు పాపం. ఒక్కతే కొండమీద తోట చేసుకుంటుంది. ఆ ఏడాది వడగళ్ళు పడి అంతా పోయింది. అయినా చేతులతో ఏరుకుని ఏరుకుని, ఈ కాస్త తీసింది. అందుకే ఇంకెక్కడా దొరకదు. వినగానే మీలాంటి ఆడవాళ్ళకి కళ్ళు చెమరుస్తాయి."

పేరు దొంగిలించారనుకుంటూ వచ్చాం. ఇక్కడ ఆమె కష్టాన్ని కూడా కూజాల్లో పోసి అమ్ముతున్నారు. ఏ వడగళ్ళ వల్ల ఆమె ఒక్క చుక్క కూడా చెయ్యలేదో, ఆ వడగళ్ళనే చూపించి అమ్ముతున్నారు.

"తీసుకురండి," అంది.

వచ్చింది. ఒక గుక్క తాగి ఒదీల్ గ్లాసు నాకు జరిపింది. నాకు ఆమెకున్నంత నాలుక లేదు, కానీ దీనికి నా నాలుక చాలు. తియ్యగా, బరువుగా, ఎండలో పడుకుని లేచినట్టుంది. దక్షిణాది మైదానంలో ఎక్కడో కాసింది. దీనికి కొండ అంటే ఏమిటో తెలీదు.

పక్క బల్ల దగ్గర ఇద్దరు అదే కూజా పంచుకుంటున్నారు. వాళ్ళలో పెద్దాయన పుజోల్. తాళాలు బాగుచేసే పని మానేసి హాయిగా ఉంటున్న మనిషి, ఇక్కడ రోజూ తినేవాడు. తన నేప్కిన్‌ని కౌంటర్ వెనక గూట్లో పెట్టుకునేంత పాతవాడు. మమ్మల్ని చూసి గ్లాసెత్తి, "వయొలెట్ పూల వాసన పట్టుకున్నారా? వెంటనే రాదు, ఓపిక పట్టాలి," అని సలహా ఇచ్చాడు. ఒదీల్ తలూపింది.

అప్పుడే రెజీస్ వంటింటి తలుపు తోసుకుని బయటికొచ్చాడు. ముందు నన్ను చూశాడు, తర్వాత ఆమెని. చేతులు రెండూ బార్లా చాపి, బల్లల మధ్యనుంచి దారి చేసుకుంటూ, "ఎవరొచ్చారో చూడండి," అంటూ వచ్చేశాడు. బుగ్గమీద ముద్దుపెట్టుకోవడానికి వంగాడు. ఒదీల్ బుగ్గ ఇవ్వలేదు. అలా వంగినవాడు వంగినట్టే ఉండి, బల్ల మీది కూజా చూశాడు.

ఆ క్షణంలో అతని మొహం నేను మర్చిపోను. సిగ్గు కాదు అది. లెక్క. ఎంత తెలిసింది, ఎవరు విన్నారు, ఏం చెప్పొచ్చు అన్న లెక్క.

"కిందకి రండి, మాట్లాడుకుందాం," అన్నాడు మెల్లగా.

నేలమాళిగ మెట్లు దిగాం. దీపం వెయ్యగానే గోడవారగా పేర్చిన అట్టపెట్టెలు కనబడ్డాయి. ఒక్కోదానికి కింద ప్లాస్టిక్ కుళాయి. వెయిటరు చెప్పిన పీపాలు ఇవేనన్నమాట. దాచడానికి కూడా ప్రయత్నించలేదు రెజీస్. ఒక పెట్టె మీద చెయ్యి వేసుకుని నిలబడి, మొదట ఆమెనే తప్పుపట్టాడు. చెప్పకుండా ఎందుకొచ్చావన్నాడు. వస్తున్నానంటే మంచి బల్ల ఉంచేవాణ్ణన్నాడు.

"నా పేరు ఎందుకు వాడావు రెజీస్?"

"నీ కోసమే."

ఈసారి నేనే అడిగాను, చెవులు సరిగా పనిచేస్తున్నాయా అని నాకే అనుమానం వచ్చి. "ఎవరి కోసం?"

"ఒదీల్ కోసం. మీరు పల్లెలో ఉంటారు, మీకు తెలీదు. లిస్టులోంచి ఒకసారి పేరు తీసేస్తే ఆ చోట్లో రేపే ఇంకొకడు కూర్చుంటాడు. తర్వాత నువ్వు మంచి వైన్ తెచ్చినా, జనం నీ పేరు మర్చిపోయి ఉంటారు. ఆ ఏడాది నీ దగ్గర ఏమీ లేదు, నాకు తెలుసు. నేనేం చెయ్యాలి, తుడిచెయ్యాలా? గిల్బేర్ భార్య పేరు నా చేత్తో తుడిచెయ్యాలా? నీ కుర్చీ కాపాడాను."

"ఎవరిని కూర్చోబెట్టి కాపాడావు?"

అతను పెట్టె మీంచి చెయ్యి తీశాడు.

ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. అతను అబద్ధం చెప్పడం లేదు. తను ఆమెకి మేలు చేశానని నిజంగానే నమ్ముతున్నాడు. ఆ ఏడాది జూన్‌లో ఫోన్ చేసి ఓదార్చింది ఇతనే. ఆ పెట్టెల మీద మిగిలే లాభం కూడా ఆ మేలులో ఒక భాగమే అన్నట్టు ఎక్కడో సర్దేసుకున్నాడు. అదే నాకు ఒళ్ళు మండించింది. ఉత్త దొంగైతే తిట్టి పోవచ్చు. మన పేరు దొంగిలించి, పైగా కృతజ్ఞత కోసం ఎదురుచూసేవాణ్ణి ఏం చేస్తాం?

"అసలు 2016 అని ఉండకూడదు," అన్నాడు ఉన్నట్టుండి, నిజమైన చిరాకుతో. "2015 అనే ఉంచమని జినెట్‌కి చెప్పాను. వసంతం రాగానే అలవాటు చొప్పున అన్నిటికీ ఒక ఏడాది పెంచేసింది. ఆమెకి పెట్టెల సంగతి తెలీదు, పీపాల్లో వచ్చిందని చెప్పాను."

"అంటే నీ బాధంతా ఏడాది గురించే."

"ఎవరికి నష్టం ఒదీల్? తాగేవాళ్ళు సంతోషంగా ఉన్నారు. పుజోల్‌ని అడుగు."

అప్పుడు ఆమె బెల్జియం మనిషి సంగతి చెప్పింది. అతనేం తాగాడో, ఏమన్నాడో, ఎలా నవ్వాడో అంతా. పై తోట గురించి కూడా చెప్పింది. రెజీస్ మొహం ముందు పాలిపోయింది, తర్వాత వెలిగింది. నేను మాట్లాడతాను, నాకు వదిలెయ్, అతన్ని నేనే ఒప్పిస్తానన్నాడు. ఒదీల్ అతనికి ఒకే మాట చెప్పింది. ఆ వైన్ తనది కాదని యోరిస్ మొహం మీద చెప్పాలి, ఇంకేమీ అక్కర్లేదు. రెజీస్ అవుననలేదు, కాదనలేదు. మా ముందు మెట్లెక్కాడు.

యోరిస్ అప్పటికే వచ్చి, కాఫీ కోసం కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. కాళ్ళ దగ్గర చిన్న ప్రయాణపు పెట్టె. రెజీస్ చెయ్యి చాపుకుంటూ ఎదురెళ్ళాడు.

"మెస్యూ, తప్పు నాది," అన్నాడు, పక్క బల్లలకి వినబడేంత నిజాయితీగా. "పోయిన వేసవిలో మా నేలమాళిగ చల్లదనం చెడిపోయింది. ఒదీల్ 2016 బంగారం లాంటి వైన్, నేను దాన్ని ఉడకబెట్టేశాను. మీరు తాగింది ఆమె పనితనం కాదు, నా నిర్లక్ష్యం. పరువు తక్కువని ఇన్నాళ్ళూ ఆమెకి కూడా చెప్పలేదు. అందుకే పొద్దున మీ దగ్గర ఆమె అంత కంగారుపడి, అసలు చెయ్యనే లేదనేసింది. ఆమెని తప్పుగా అనుకోకండి."

ఎంత బాగా చెప్పాడో. తనమీద చిన్న తప్పు వేసుకుని పెద్దది మింగేశాడు. పైగా త్యాగమూర్తిలా నిలబడ్డాడు. మధ్యలో మా వదినని అబద్ధాలకోరుని చేసి, వెంటనే క్షమించేశాడు కూడా.

యోరిస్ మొహం తేటపడింది. ఇలాంటివి తను చాలా చూశానన్నాడు, మంచి వైన్లు పాడు నేలమాళిగల్లో చచ్చిపోతాయన్నాడు. జేబులోంచి కలం తీశాడు. పొద్దున తాగిన 2018 తనకి నిజంగా నచ్చిందని, ఇప్పుడు అనుమానం కూడా పోయింది కాబట్టి ఇవ్వగలిగినంతా తీసుకుంటానని ఒదీల్‌తో చెప్పాడు. "మేడమ్, ఇక మనం పొద్దుటి మాట మర్చిపోదాం. సరేనా?"

ఒక్క తల ఊపితే చాలు. పై తోట మాది. పక్క తోట ఆసామి తన కళ్ళని ఇంకెక్కడికైనా తీసుకుపోతాడు. రెజీస్ ఆమె వైపు చూసి కళ్ళతోనే బతిమాలుతున్నాడు. నిజం చెప్పాలంటే నేను కూడా బతిమాలాను. ఊరుకో వదినా, ఈ ఒక్కసారికి ఊరుకో, ఎవడికోసం, అని లోపల్లోపల.

"సరే కాదు," అంది ఒదీల్.

గొంతు అంత తక్కువగా ఉంది కాబట్టే అందరూ వినాలని ఆగారు.

"ఇక్కడ ఏదీ ఉడకలేదు. 2016 అనేది లేదు. ఉందని ఒప్పుకుంటే మీరు సంతకం పెడతారు, నాకు తెలుసు. ఆ ఏడాది నేను ఏమీ చెయ్యలేదు మెస్యూ. నా దగ్గర కొంటే, ఆ ఏడాది ఏమీ చెయ్యని మనిషి దగ్గర కొనండి. లేకపోతే వద్దు."

యోరిస్ కలం పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. రెజీస్ జాలిగా నిట్టూర్చి, ఆమె చాలా కష్టాలు పడిందని, ఆ ఏడాది మాటెత్తితేనే ఇలా అయిపోతుందని మెల్లగా చెప్పసాగాడు. అంటే ఇప్పుడు పిచ్చిది కూడా చేస్తున్నాడు.

ఒదీల్ అతని వైపు తిరిగింది. "ఒక్క సీసా తీసుకురా రెజీస్. నా లేబుల్‌తో, 2016 అని ఉన్నది. ఈయన ముందు బిరడా తియ్యి. నీ ఇంట్లో సీసా ఎప్పుడూ మనిషి ఎదురుగానే తెరుస్తావుగా, నాకు తెలిసినప్పట్నుంచీ."

"అయిపోయాయి."

"ఖాళీ సీసా తీసుకురా. ఊడిపోయిన లేబుల్ ముక్క తీసుకురా. బిరడా ఒక్కటి చాలు."

రెజీస్ నడుముకి ఎప్పుడూ వేలాడే బిరడా తీసే చాకు మీద చెయ్యి వేసి, అక్కడే ఉంచాడు. ఎటూ కదల్లేదు.

"ఒక్కటి కూడా రాలేదు," అంది ఒక ఆడగొంతు.

జినెట్ గల్లా వదిలి వచ్చింది. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతోంది, వేళ్ళకి ఊదా సిరా. మొగుణ్ణి చూడకుండా నేరుగా యోరిస్‌తో మాట్లాడింది. "ఈ ఇంటికి వచ్చే సీసాలు దింపించుకునేది నేను మెస్యూ. ఆ ఏడాది ఆమె దగ్గర్నుంచి ఒక్క సీసా కూడా దిగలేదు. పీపాల్లో వచ్చిందన్నాడు, నేను మా అమ్మని చూడ్డానికి వెళ్ళినప్పుడు దింపించానన్నాడు. నమ్మి రాశాను." తర్వాత రెజీస్ వైపు తిరిగింది. "నా చేతిరాతతో ఏం రాయించావు నువ్వు?"



రెజీస్ కంటే ముందు మాట పుజోల్ దగ్గర్నుంచి వచ్చింది. లేచి నిలబడి, తన కూజాని వెలుతురులోకి ఎత్తి చూశాడు. "అయితే ఇన్నాళ్ళూ నేను తాగిందేమిటి?"

"దక్షిణాదిది. అట్టపెట్టెలోది. కింద పేర్చి ఉన్నాయి, వెళ్ళి చూడండి," అన్నాను నేను. అంతసేపు నోరు కట్టుకున్నందుకు నాకు ఆ మాత్రం హక్కుంది.

"మా అల్లుణ్ణి వయొలెట్ పూలు వాసన చూడమన్నానయ్యా నేను," అన్నాడు పుజోల్, బాధ అంతా గొంతులోకి తెచ్చుకుని. "రావట్లేదంటే వాడి ముక్కుని తిట్టాను." ఎవరో నవ్వబోయి మానుకున్నారు. మూల బల్ల దగ్గర ఒకావిడ, ఆ వడగళ్ళ కథ విని తను ఏడ్చానని, ఆ ఏడుపు ఎవరు తిరిగిస్తారని వెయిటర్ని నిలదీసింది. వెయిటరు ప్రమాణం చేసి చెప్పాడు, తనకేమీ తెలీదని, యజమాని నేర్పిందే చెప్పానని. నలుగురైదుగురు కూజాలు పట్టుకుని కౌంటర్ మీదికి వచ్చేశారు. రెజీస్ చుట్టూ ఒకేసారి అందరూ మాట్లాడుతున్నారు. పదేళ్ళుగా, ఇరవయ్యేళ్ళుగా తింటున్నవాళ్ళు. వాళ్ళకి జరిగింది కూడా చిన్నదేం కాదు.

యోరిస్ ఆ గొడవకి కాస్త పక్కకి జరిగి, ఒదీల్ దగ్గరకొచ్చాడు. "పొద్దున నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది."

"అవును," అంది ఒదీల్. ఫరవాలేదని అనలేదు.

"ఏప్రిల్‌లో మీ ఊరు వస్తాను. తోట చూస్తాను. అప్పటిదాకా 2018 ఎవరికీ ఇవ్వకండి." కలం జేబులో పెట్టుకున్నాడు. సంతకం పెట్టలేదు. పెట్టె తీసుకుని, జినెట్‌కి మాత్రం తల వంచి నమస్కరించి, వెళ్ళిపోయాడు. చేతిలో కాగితం లేదు మాకు. ఒక మనిషి మాట ఉంది. పొద్దుటితో పోలిస్తే అది చాలా ఎక్కువ, ఒక్క తలూపుకి దొరికేదానితో పోలిస్తే చాలా తక్కువ.

జినెట్ బల్లల మీది వైన్ లిస్టులన్నీ పోగుచేసి తెచ్చి ఒదీల్ ముందు పెట్టింది. ఆ వరస కొట్టేస్తానంది.

"కొట్టెయ్యకు. కొట్టేస్తే అసలేమీ జరగనట్టే ఉంటుంది. నా పేరు, ఆ ఏడాది అలాగే ఉంచు. పక్కన రాయి, వడగళ్ళు పడ్డాయి, వైన్ లేదు అని."

"ఇది వైన్ లిస్టు," అన్నాడు రెజీస్ గుంపులోంచి. అంత గొడవలోనూ అతనికి అదే వినబడింది. "లేని వైన్‌ని లిస్టులో ఎవరైనా పెడతారా?"

జినెట్ కళ్ళజోడు పెట్టుకుంది. "నువ్వు పెట్టావుగా," అని మొదటి లిస్టు తీసి రాయడం మొదలుపెట్టింది. ఒక్కోటీ ఆరాలి కాబట్టి కౌంటర్ మీద వరసగా పరిచింది.

మేం గుమ్మం దాటుతుంటే రెజీస్ వెనకాలే వచ్చాడు. ఏప్రన్ మీద ఎవరిదో వైన్ ఒలికి ఉంది. అధికారుల దగ్గరికి వెళ్తావా అని అడిగాడు. ఆ పని నాది కాదు, లోపలున్నవాళ్ళది, వాళ్ళు ఏం చేస్తారో వాళ్ళనే అడుగు అంది ఒదీల్. తర్వాత ఇంకో మాట అడిగాడు. మనుషులు ఇంత దూరం కూడా పోగలరని నేననుకోలేదు.

"ఈసారి 2018 నాకు పంపుతావు కదా?"

ఒదీల్ కోటు గుండీలు పైనుంచి కిందదాకా పెట్టుకుంది. "నీ దగ్గర పెట్టెలున్నాయి," అని నడిచింది.

నేను చక్రాల సంచీ లాగుతుంటే వీధి చివరిదాకా వచ్చాం. గెలిచామనే అనుకున్నాను నేను. పై తోట దాదాపుగా దక్కినట్టే, పేరు కడుక్కున్నాం, ఇక ఊరెళ్ళి హాయిగా పడుకోవచ్చు. ఆ మాటే చెప్దామని పక్కకి చూశాను. ఒదీల్ దవడలు బిగుసుకుని ఉన్నాయి.

"ఈ కాస్త తీసిందట," అంది. "ఏరుకుని ఏరుకుని తీసిందట."

"పోనీ వదినా, అయిపోయిందిగా."

"అవలేదు." నడివీధిలో ఆగిపోయింది. వెనక వస్తున్నవాళ్ళు తప్పుకుని పోతున్నారు. "ఒక్క చుక్క కూడా తియ్యలేదు క్లో నేను. తియ్యగలిగి కూడా తియ్యలేదు. ఆ చలికాలమంతా నేను చేసింది అదొక్కటే. అది వాడికి లిస్టులో నింపాల్సిన ఖాళీలా కనబడిందా?"

నేను సంచీ పిడి వదిలేసి ఆమె చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది. సంచీ తనే అందుకుని, రాళ్ళ దారి మీద సీసాలు గలగలలాడేలా లాక్కుంటూ, స్టేషన్ వైపు నాకంటే ముందు నడిచిపోయింది.